దగ్గితే తడిసే చీర

వానాకాలం నాట్లు పడే రోజుల్లో కోహెడ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు పొద్దున్నే మడిలో దిగుతారు. నడుం వంచి నాటు వేస్తారు, నారు కట్టలు గట్టు మీంచి మోసుకొస్తారు, సాయంత్రం ఇంటికి పోతూ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుంటారు. అన్నీ కడుపు మీద ఒత్తిడి పడే పనులే. ఆ ఒత్తిడికి కొందరికి మూత్రం జారిపోతుంది. మడిలో ఉన్నంతసేపూ చీర ఎలాగూ తడిసే ఉంటుంది కనుక పక్కవాళ్లకు తెలియదు. ఆర్టీసీ బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడో, పెళ్లిలో పగలబడి నవ్వినప్పుడో, బతుకమ్మ ఆడుతూ వంగి చప్పట్లు కొట్టినప్పుడో బయటపడుతుందేమోనని భయం. అందుకే ప్రయాణం ఉన్న రోజు అలాంటి మనిషి పొద్దుటి నుంచి నీళ్లు ముట్టదు. బతుకమ్మ దగ్గర ఆడకుండా పక్కన కూర్చుంటుంది. ఎందుకని అడిగితే మోకాళ్లు నొస్తున్నాయంటుంది.

కోహెడ మండలం 2016 అక్టోబరు 11 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. పెద్ద వైద్యానికి అక్కడివాళ్లు సిద్దిపేటకో, కరీంనగర్‌కో, అదీ కాకపోతే హైదరాబాద్‌కో పోతారు. జ్వరానికి పోతారు, కాలు విరిగితే పోతారు. మూత్రం జారుతోందని మాత్రం పోరు. కాన్పులైన ఆడదానికి ఇది మామూలేనని అత్త చెప్పి ఉంటుంది. ఆమెకు ఆమె అత్త చెప్పి ఉంటుంది. చాలామందిలో ఉందన్న మాట నిజమే. మందు లేదన్న మాట అబద్ధం. ఈ బాధకు వందేళ్లకు పైగా ఆపరేషన్లు ఉన్నాయి. ఆపరేషన్ దాకా పోకుండానే తగ్గేవాళ్లూ చాలామంది ఉన్నారు.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం.

ఆడవాళ్లలో మూత్రాశయం నుంచి బయటికి వచ్చే దారి పొడవు 3 నుంచి 4 సెంటీమీటర్లే. ఆ పొట్టి గొట్టం యోని ముందు గోడ మీద ఆని ఉంటుంది. ఆ గోడను రెండు పక్కలా కటి కండరాలు, వాటి పొరలు పట్టి ఉంచుతాయి. దగ్గినప్పుడు కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అది మూత్రాశయాన్నీ నొక్కుతుంది, ఈ గొట్టాన్నీ నొక్కుతుంది. కింది ఆనిక గట్టిగా ఉంటే గొట్టం నొక్కుకుపోయి మూసుకుంటుంది, చుక్క కూడా రాదు. ఆనిక సడలితే గొట్టం కిందికి జారుతుంది కానీ మూసుకోదు. బోరు మోటారు పైపును గట్టు మీద కాలితో తొక్కితే నీళ్లు ఆగుతాయి. అదే పైపు బురదలో ఉంటే ఎంత తొక్కినా దిగబడుతుందే తప్ప నీళ్లు ఆగవు. అమెరికా వైద్యుడు జాన్ డిలాన్సీ 1994లో శవ పరీక్షల ఆధారంగా ఈ సంగతిని వివరించాడు. లోపం మూత్రాశయంలో లేదు, దాని కింద పరుపులా ఉండాల్సిన పొరలో ఉందని ఆయన తేల్చాడు. ముందు ముందు చెప్పబోయే ఆపరేషన్లన్నీ అర్థం కావాలంటే ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఆ పరుపు ఎందుకు సడలుతుంది? మొదటి కారణం కాన్పు. నార్వేలో 15,307 మంది స్త్రీలను అడిగి 2003లో ఒక లెక్క ప్రచురించారు. పిల్లలు పుట్టనివాళ్లలో నూటికి 4.7 మందికి, సిజేరియన్ మాత్రమే అయినవాళ్లలో 6.9 మందికి, మామూలు కాన్పు అయినవాళ్లలో 12.2 మందికి ఈ రకం జారుడు ఉంది. ఈ అంకెలు చూపించి సిజేరియన్ మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి. తెలంగాణలో ఇప్పటికే నూటికి 60.7 కాన్పులు కడుపు కోసి చేస్తున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ సర్వేలో దేశం మొత్తం మీద ఇదే ఎక్కువ. కడుపు కోతకు దాని కష్టాలు దానికున్నాయి, పైగా కోసినా ఈ బాధ పూర్తిగా తప్పదని పై లెక్కలోనే ఉంది. కాన్పు తర్వాత బరువు పెరగడం, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ముట్లుడిగాక పొరలు పలచబడడం కూడా కారణాలే. ఇంకొక కారణం ఉంది. అది మన ప్రాంతానికి మరీ ముఖ్యం కనుక కాసేపు అక్కడ ఆగాలి.

గర్భసంచి తీయించుకోవడం.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అంటే దేశ సగటుకు రెండింతలకు పైనే. తెల్లబట్ట అవుతోందనో, ముట్టు ఎక్కువ పోతోందనో, నడుము నొప్పి అనో, కేన్సర్ వస్తుందన్న భయంతోనో ముప్పై దాటగానే తీయించుకున్నవాళ్లు మన ఊళ్లలో ప్రతి వాడకట్టులో కనిపిస్తారు. మూత్రం జారుతోందని పోయినా "సంచి తీసేస్తే పోతుంది" అని చెప్పేవాళ్లున్నారు. స్వీడన్‌లో 1973 నుంచి 2003 దాకా గర్భసంచి తీసేసిన 1,65,260 మందిని, తీయని 4,79,506 మందితో పోల్చి చూశారు. అన్నీ కేన్సర్ కాని కారణాలకు చేసిన ఆపరేషన్లే. సంచి తీసినవాళ్లలో తర్వాత మూత్రం జారుడుకు ఆపరేషన్ అవసరం పడే అవకాశం 2.4 రెట్లు ఎక్కువగా తేలింది. ఇలా పోల్చి చూసిన లెక్కతోనే ఇదే కారణమని ఖాయంగా చెప్పలేం. కానీ గర్భసంచి మెడ దగ్గరి బంధాలు, నరాలు ఆ ఆపరేషన్‌లో తెగుతాయి, ఆ బంధాలే మూత్రాశయానికీ ఆసరా అని శరీర నిర్మాణం చెబుతోంది. గర్భసంచి తీయడం మూత్రం జారుడుకు వైద్యం కాదు. ఆ పేరుతో తీస్తామంటే లేచి వచ్చేయాలి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. గర్భసంచి ఆపరేషన్ అయిన కొద్ది రోజులకో, చాలా కష్టమైన కాన్పు తర్వాతో పగలూ రాత్రీ తేడా లేకుండా, దగ్గినా దగ్గకపోయినా మూత్రం కారుతూనే ఉంటే అది వేరే జబ్బు. మూత్రాశయానికి, యోనికి మధ్య రంధ్రం పడి ఉండవచ్చు. అది ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సిన సంగతి.

మరో రకం కూడా ఉంది. మూత్రం వస్తోందనిపించిన మరుక్షణం ఆగదు, తలుపు తీసేలోపే పడిపోతుంది. ఇది మూత్రాశయం తనకు తానే బిగుసుకోవడం వల్ల వచ్చేది. దీనికి మాత్రలున్నాయి, అలవాట్లు మార్చుకునే పద్ధతులున్నాయి. ఈ అధ్యాయంలో చెప్పబోయే ఆపరేషన్లు దీనికి పనికిరావు, ఒక్కోసారి దీన్ని పెంచుతాయి కూడా. చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. అందుకే డాక్టరు కత్తి గురించి మాట్లాడకముందు "ఎప్పుడు పడుతోంది?" అని విడమరచి అడగాలి. మూడు రోజులపాటు ఎన్ని నీళ్లు తాగిందీ, ఎన్నిసార్లు పోయిందీ, ఎప్పుడు జారిందీ ఒక చీటీ మీద రాసుకుని వెళ్తే సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది. చదువు రాకపోతే కూతురో మనవరాలో రాసిపెట్టొచ్చు.

పరీక్షకు ఖరీదైన యంత్రాలు కూడా అక్కర్లేదు. మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు దగ్గమంటారు. దగ్గుతో పాటే చుక్కలు పడితే నిర్ధారణ అయినట్టే. మూత్రంలో చీము ఉందేమో చూడాలి, పోసుకున్నాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూడాలి. పీడనాలు కొలిచే యూరోడైనమిక్ పరీక్ష అందరికీ తప్పనిసరి కాదని 2012లో 630 మంది మీద అమెరికాలో జరిగిన పరిశోధన చూపింది. ఆ పరీక్ష చేసి ఆపరేషన్ చేసినవాళ్లలో నూటికి 76.9 మందికి, చేయకుండా మామూలు పరీక్షతోనే ఆపరేషన్ చేసినవాళ్లలో 77.2 మందికి మేలు జరిగింది. తేడా లేదు. దగ్గుకు మాత్రమే జారే, మరో చిక్కు లేని స్త్రీకి ఈ మాట వర్తిస్తుంది. జిల్లా స్థాయిలో వైద్యం చేసేవాళ్లకు ఇంతకంటే మంచి కబురు లేదు.

కత్తి కంటే ముందు వ్యాయామం. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో కటి కండరాలను బిగించి వదిలే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. గాలి పోకుండా ఆపుకున్నప్పుడు ఏ కండరం బిగుస్తుందో దాన్నే బిగించాలి. ఒక్కో విడతకు కనీసం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు తక్కువ కాకుండా. ఎలా చేయాలో ఒకసారి తెలిసినవాళ్ల చేత పరీక్షించుకుని నేర్చుకోవాలి, లేకపోతే చాలామంది కడుపు బిగిస్తారు, దానివల్ల కీడే. పరిశోధనలన్నీ కలిపి 2018లో కాక్రేన్ సంస్థ వేసిన లెక్కలో, ఈ వ్యాయామం చేసినవాళ్లలో నూటికి 56 మంది పూర్తిగా తగ్గిందన్నారు, చేయనివాళ్లలో ఆరుగురే అన్నారు. నాటు వేస్తూ కూడా చేసుకోవచ్చు, ఎవరికీ కనిపించదు. ఒళ్లు ఎక్కువున్నవాళ్లు బరువు తగ్గినా గుణం కనిపిస్తుంది. 2009లో 338 మందిని చూసినప్పుడు, ఒంటి బరువులో నూటికి 8 వంతులు తగ్గినవాళ్లలో వారానికి జారే సార్లు దాదాపు సగానికి పడిపోయాయి.

అయినా తగ్గనివాళ్లుంటారు. ముందునుంచే తీవ్రంగా ఉన్నవాళ్లూ ఉంటారు. నెదర్లాండ్స్‌లో 460 మందిని తీసుకుని సగం మందికి ఫిజియోథెరపీ, సగం మందికి ఆపరేషన్ అని విడదీసి చూశారు. ఏడాది తర్వాత మేలైందన్నవాళ్లు ఆపరేషన్ వైపు నూటికి 90.8, వ్యాయామం వైపు 64.4. వ్యాయామానికి కేటాయించినవాళ్లలో సగం మంది ఏడాది తిరిగేలోపు ఆపరేషన్ కోరుకున్నారు. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని పట్టుకుని "వ్యాయామం ఎందుకు, నేరుగా కోసేద్దాం" అనడం తప్పు. రెండో సగం మందికి కత్తి అవసరమే పడలేదు కదా! మధ్యస్థంగా, తీవ్రంగా జారేవాళ్ల మీద జరిగిన పరిశోధన అది అన్నది కూడా మరవకూడదు.

ఇక ఆపరేషన్ల సంగతి. ఇది ఒక సడలిన చోటును ఎలా నిలబెట్టాలన్న వెతుకులాట కథ.

బాల్టిమోర్‌లో హోవర్డ్ కెల్లీ 1913 ప్రాంతంలో యోని ముందు గోడ తెరిచి, మూత్రాశయం మెడ కింది పొరను మడిచి కుట్టాడు. తేలికైన ఆపరేషన్. మొదట్లో బాగుండేది, సడలిన బట్టనే మడిచి కుట్టడం కనుక కొన్నేళ్లకు మళ్లీ సడలేది. మన దగ్గర గర్భసంచి జారిన ఆపరేషన్‌తో పాటు ఇది ఎన్నో దశాబ్దాలు జరిగింది. "ఆపరేషన్ అయినా మళ్లీ మొదలైంది" అని పెద్దవాళ్లు చెప్పే మాటల వెనక చాలాసార్లు ఈ మడత కుట్టే ఉంటుంది. 1949లో మార్షల్, మార్కెట్టి, క్రాంజ్ అనే ముగ్గురు పొత్తికడుపు తెరిచి, మూత్రమార్గం పక్కనున్న పొరను ముందు ఎముక వెనక భాగానికి కుట్టి పైకి ఎత్తారు. విచిత్రం ఏమిటంటే వాళ్లు దీన్ని మొదట చేసింది ఒక మగవాడికి. ఎముక మీది పొరలో కుట్లు నిలవక ఇబ్బంది పడిన జాన్ బర్చ్ అనే నాష్‌విల్ వైద్యుడు అంతకంటే గట్టి బంధం కోసం వెతికి, ఎముక పైఅంచున ఉండే కూపర్ బంధానికి కుట్టడం మొదలుపెట్టి 1961లో ప్రకటించాడు. ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచమంతా బర్చ్ ఆపరేషన్‌నే కొలబద్దగా చూసింది.

దీనికి సమాంతరంగా ఇంకో దారి నడిచింది. పైకి ఎత్తి కుట్టడం కాదు, కింద ఒక పట్టీ వేసి ఆసరా ఇవ్వడం. 1910లోనే జర్మనీలో గోబెల్ అనే వైద్యుడు రోగి సొంత కండరంతో ఇలాంటి పట్టీ వేశాడు. 1942లో ఆల్డ్రిడ్జ్ పొత్తికడుపు కండరం మీది తెల్లని గట్టి పొరను వాడాడు. 1978లో మెగ్వైర్, లిటన్ దాన్ని మెరుగుపరిచి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. పొత్తికడుపు కింద అడ్డంగా కోసి, ఆ పొర నుంచి ఒక పట్టీ తీసి, మూత్రమార్గం కిందుగా పోనిచ్చి రెండు కొసలూ పైన కడతారు. బయటి వస్తువు ఏదీ ఒంట్లో ఉండదు. కోత పెద్దది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాలి, చేసేవాళ్ల చేతి ఒడుపు మీద ఫలితం ఆధారపడుతుంది.

1990లో స్వీడన్ వైద్యుడు ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, ఆస్ట్రేలియా వైద్యుడు పీటర్ పెట్రోస్ కలిసి ఒక కొత్త ఆలోచన ముందుకు తెచ్చారు. అందరూ మూత్రాశయం మెడ దగ్గర ఆసరా ఇస్తున్నారు, ఇవ్వాల్సింది మూత్రమార్గం నడిమధ్యన అని. దాన్నుంచి పుట్టిందే టీవీటీ అనే టేపు ఆపరేషన్. ఉప్సలాలో 75 మంది మీద చేసిన ఫలితాలు 1996లో వెలువడ్డాయి. ఒక సెంటీమీటరు వెడల్పున్న పాలిప్రొపిలీన్ అల్లిక టేపును యోని ముందు గోడలో చిన్న కోత ద్వారా రెండు సూదులతో ముందు ఎముక వెనక నుంచి పొత్తికడుపు చర్మం దాకా తీస్తారు. ఆ చోటు వరకే మత్తు ఇచ్చి, రోగిని బల్ల మీదే దగ్గమని, చుక్క పడడం ఆగేదాకా టేపును సవరించేవారు. బిగించరు, కుట్టరు. వదులుగా వదిలేస్తే కొద్ది వారాల్లో ఒంటి కణజాలం అల్లిక రంధ్రాల్లోంచి పెరిగి టేపును పట్టేసుకుంటుంది. అరగంట పని. చాలామంది మర్నాటికి ఇంటికి పోతారు. సూది గుడ్డిగా పోతుంది కనుక మూత్రాశయానికి గుచ్చుకుందేమో కెమెరా గొట్టంతో చూసి తీరాలి. నూటికి నలుగురైదుగురిలో గుచ్చుకుంటుంది, వెంటనే చూసి తీసి మళ్లీ వేస్తే ఇబ్బంది ఉండదు. ఆ భయం తప్పించడానికి ఫ్రాన్స్‌లో డెలార్మ్ 2001లో టేపును తొడ మూలల వైపు నుంచి తీసే టీఓటీ పద్ధతి తెచ్చాడు. 2003లో బెల్జియంలో డి లెవల్ దాన్నే లోపలి నుంచి బయటికి తిప్పాడు.

ఇవన్నీ పనిచేస్తాయా అంటే చేస్తాయి. ఎంత మందికి అన్న ప్రశ్న దగ్గరే అసలు చిక్కు. ఆపరేషన్ గురించి ఆలోచించే ప్రతి స్త్రీ ఈ భాగం ఓపిగ్గా చదవాలని నా కోరిక.

అమెరికాలో 655 మంది మీద బర్చ్‌కూ సొంత పొర పట్టీకీ పోటీ పెట్టి చూసిన ఫలితం 2007లో వచ్చింది. అక్కడ "నయమైంది" అనిపించుకోవాలంటే చాలా మెట్లు దాటాలి: జారుతోందని ఆమె చెప్పకూడదు, మూడు రోజుల చీటీలో ఒక్కసారి కూడా ఉండకూడదు, దగ్గు పరీక్షలో చుక్క పడకూడదు, ఒక రోజంతా పెట్టుకున్న ప్యాడ్ బరువు 15 గ్రాములు పెరగకూడదు, మళ్లీ ఏ వైద్యమూ చేయించుకుని ఉండకూడదు. ఇన్ని షరతులతో చూస్తే రెండేళ్లకు నెగ్గినవాళ్లు పట్టీ వైపు 47, బర్చ్ వైపు 38. దగ్గు రకం జారుడు ఒక్కదాన్నే చూస్తే 66, 49. పట్టీ బాగా పనిచేసింది, దానికి తగ్గ మూల్యమూ చెల్లించింది: మూత్రంలో ఇన్ఫెక్షన్లు, పోసుకోవడంలో కష్టం పట్టీ వైపే ఎక్కువ. అయిదేళ్లకు వీళ్లలో చాలామందిని మళ్లీ చూశారు. ఏ రకంగానూ చుక్క జారనివాళ్లు పట్టీ వైపు 30.8 శాతానికి, బర్చ్ వైపు 24.1 శాతానికి తగ్గారు. అదే స్త్రీలను మీకు తృప్తిగా ఉందా అని అడిగితే ఔనన్నవాళ్లు 83, 73 శాతం!

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పూర్తిగా పొడిగా ఉన్నవాళ్లు మూడోవంతు కూడా లేరు, తృప్తిగా ఉన్నవాళ్లు నూటికి ఎనభై. ఆపరేషన్‌కు ముందు రోజుకు నాలుగు లంగాలు మార్చిన మనిషి ఇప్పుడు జలుబు చేసినప్పుడు మాత్రమే రెండు చుక్కలు జారితే, పరిశోధకుల లెక్కలో ఓడిపోయింది, తన లెక్కలో గెలిచింది. అందుకే డాక్టరు "తొంభై శాతం సక్సెస్" అన్నా, ఇంకొకరు "సగం మందికే" అన్నా ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు కాదు. ఏది కొలిచారో, ఎన్నేళ్లకు కొలిచారో అడగాలి. దానికంటే ముందు తనకేం కావాలో ఆమె తేల్చుకోవాలి: బస్సులో నిశ్చింతగా కూర్చోవడమా, మోపు ఎత్తగలగడమా, ఒక్క చుక్కా రాకపోవడమా?

టేపుల ఫలితాలూ ఇలాగే చదవాలి. 2010లో 597 మంది మీద టీవీటీ రకాన్నీ టీఓటీ రకాన్నీ పోల్చారు. ఏడాదికి పరీక్షల్లో నెగ్గినవాళ్లు 80.8, 77.7 శాతం. ఎముక వెనక నుంచి పోయే టేపుతో మూత్రం పోసుకోలేక మళ్లీ ఆపరేషన్ అవసరం పడినవాళ్లు 2.7 శాతం, టీఓటీలో ఒక్కరూ లేరు. తొడల వైపు తిమ్మిరి, బలహీనత మాత్రం టీఓటీలో 9.4 శాతం, రెండోదానిలో 4 శాతం. కింద కూర్చుని లేచే, వంగి పనిచేసే మన ఆడవాళ్లకు తొడ మూలల నొప్పి చిన్న సంగతి కాదు. నా దృష్టిలో ఈ ఎంపిక గురించి పేషెంటుతో మాట్లాడకుండా డాక్టరు తనకు అలవాటైనదే వేసేయడం సరికాదు. ఉత్తర ఐరోపాలో మొదటి టేపులు వేయించుకున్న 90 మందిని పదిహేడేళ్ల తర్వాత వెతికి పట్టుకుంటే, చూడగలిగినవాళ్లలో తొంభై శాతానికి పైగా దగ్గు పరీక్షలో పొడిగానే ఉన్నారు. మొదట కనిపెట్టిన కేంద్రాల్లో, ఆరితేరిన చేతుల్లో వచ్చిన ఫలితం అది.

మరి మెష్ మీద ప్రపంచమంతా లేచిన గొడవ ఏమిటి? టేపు ఒంట్లో శాశ్వతంగా ఉండిపోయే ప్లాస్టిక్ అల్లిక, ఈ అల్లికనే మెష్ అంటారు. కొందరిలో అది యోని గోడ లోంచి బయటికి తేలుతుంది, సంభోగంలో నొప్పి వస్తుంది, ఎప్పటికీ పోని నొప్పి మిగులుతుంది. తీయాలంటే మళ్లీ కష్టమైన ఆపరేషన్, పూర్తిగా రాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో టేపు వేయించుకున్న 95,057 మంది రికార్డులు చూస్తే తొమ్మిదేళ్లలో 3.3 శాతం మందికి టేపు తీయాల్సి వచ్చిందని 2018లో తేలింది. నూటికి ముగ్గురే కదా అనిపించవచ్చు. ఆ ముగ్గురి బతుకు తలకిందులైంది, తమ మాట డాక్టర్లు నమ్మలేదని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2018 జులైలో ఇంగ్లండ్ ఈ టేపుల వాడకాన్ని నిలిపివేసింది. 2020 జులైలో బారోనెస్ కంబర్లెజ్ సమీక్ష స్త్రీల గోడును వ్యవస్థ పట్టించుకోలేదని గట్టిగా చెప్పింది. అమెరికాలో 2019 ఏప్రిల్‌లో గర్భసంచి, మూత్రాశయం జారినప్పుడు యోని గుండా వేసే పెద్ద మెష్‌ల అమ్మకం ఆపించారు. మూత్రం జారుడుకు వేసే సన్నని టేపులను మాత్రం ఉంచారు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడడం వల్ల భయం ఒకవైపు, నిర్లక్ష్యం ఇంకోవైపు పెరిగాయి. ఇంకా చిన్నగా ఉండే మినీ స్లింగ్ అనే టేపు మీద 2022లో వచ్చిన బ్రిటన్ ఫలితాల్లో, మేలు మామూలు టేపుతో సమానంగానే ఉన్నా, మూడేళ్లకు సంభోగంలో నొప్పి 11.7 శాతం, మామూలు టేపులో 4.8 శాతం. చిన్నది కనుక సురక్షితం అనుకోవడానికి లేదు.

ఈ గొడవ తర్వాత పాత పద్ధతులైన సొంత పొర పట్టీ, బర్చ్ మళ్లీ పైకి వచ్చాయి. టేపు కొనే ఖర్చు లేని, ఒంట్లో ప్లాస్టిక్ మిగలని ఆపరేషన్ మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువమందికి నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను. మూత్రమార్గం గోడలోకి జెల్ సూది వేసే పద్ధతి కూడా ఉంది. కోత ఉండదు, కానీ గుణం తక్కువ. ఫిన్‌లాండ్‌లో ఏడాదికి తృప్తి పడినవాళ్లు టేపుతో 95 శాతం, జెల్‌తో 60 శాతం.

కోహెడ నుంచి బయల్దేరే మనిషికి ఇదంతా ఎలా ఉపయోగపడుతుంది? తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టింది. మూత్రం ఇన్ఫెక్షన్ల వంటి ఆడవాళ్ల సమస్యలకే అవి పెట్టారు. మొదటి మాట ఆశా కార్యకర్తకో, అక్కడి డాక్టరుకో చెప్పవచ్చు. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. చిక్కు కేసులకు హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో యూరాలజీ విభాగాలున్నాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది. ఏ ఆపరేషన్ ఆ పథకంలోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

కాలం కూడా చూసుకోవాలి. ఏ ఆపరేషన్ అయినా దాదాపు ఆరు వారాలు బరువులెత్తకూడదు, సంభోగం ఉండకూడదు. నాట్ల ముందు చేయించుకుని పదో రోజున మడిలో దిగితే కుట్టు నిలవదు. యాసంగి కోతలు ముగిశాక, వానాకాలం నాట్లకు బాగా ముందుగా పెట్టుకోవడం మంచిది. ఆ ఆరు వారాలు బిందెలు, మోపులు ఇంట్లో ఎవరు మోస్తారో ఆపరేషన్ తేదీకి ముందే మగవాళ్లతో సహా అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు కాన్పులయ్యాకే ఆపరేషన్ గురించి ఆలోచించడం మేలు.

డాక్టరును అడగాల్సినవి అడిగి తీరాలి. నాది ఏ రకం జారుడు? వ్యాయామం సరిగ్గా చేసి చూశానా? ఒంట్లో మెష్ పెడుతున్నారా, నా పొరతోనే చేస్తున్నారా? మీరు ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారు? పోసుకోలేకపోతే ఏం చేస్తారు? పెట్టిన టేపు పేరు, తేదీ కాగితం మీద రాసిస్తారా? ఈ చివరిదాన్ని చాలామంది అడగరు. పదేళ్ల తర్వాత నొప్పి వస్తే ఆ కాగితమే దారి చూపిస్తుంది.

ఈ అధ్యాయం చదివినవాళ్లు మీ అమ్మనో, అత్తనో, చిన్నమ్మనో పక్కకు పిలిచి, నలుగురిలో కాకుండా ఒక్కమాట అడగండి: దగ్గినప్పుడు మూత్రం పడుతోందా అని. ఔనంటే ఈ వారమే మూడు రోజుల చీటీ రాయడం మొదలుపెట్టించి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.